చూపు నిలిచే మడికి తొలి తడి

ఈ పుస్తకం రాసిన అమ్మాయి నా శిష్యురాలు. ఇబ్రహీంపట్నంలో నేను ఇంటర్మీడియట్ పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతున్న రోజుల్లో రెండో బెంచీలో గోడ పక్కన కూర్చునేది. కాంతి పాఠం ముగిసిన రోజు నా వెనకే వరండాలోకి వచ్చి, "సార్, కన్ను కూడా కెమెరా లెక్కనే అన్నరు గదా, మరి చూసిందంతా మనకు యాదికెందుకుండదు?" అని అడిగింది. ఆ రోజు నేనేదో చెప్పి పంపాను గానీ ఆ జవాబు నాకే తృప్తినివ్వలేదు. ఇన్నేళ్లకు ఆ ప్రశ్నకు జవాబు తనే రాసి, ముందుమాట రాయమని నా చేతిలో పెట్టింది. చదువు చెప్పినవాడికి ఇంతకన్నా మంచి గురుదక్షిణ ఉండదు.

ఆమె పుట్టిందీ, ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నదీ ఆదిభట్లలోనే. రిటైరయ్యాక నేనూ ఇక్కడే ఇల్లు కట్టుకున్నాను. నేను చిన్నప్పుడు చూసిన ఆదిభట్లలో చేలూ గుట్టలూ తప్ప మరేం లేవు. ఇప్పుడు ఊరి పక్కనుంచి 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు పోతోంది. టీసీఎస్ క్యాంపస్ వచ్చింది. టాటా, బోయింగ్ కంపెనీలు కలిసి పెట్టిన కర్మాగారం 2018 మార్చిలో ప్రారంభమైంది. అపాచీ హెలికాప్టర్ల దేహాలు ఇక్కడ తయారై దేశాలు దాటి వెళ్తున్నాయి. గాల్లో ఎగిరేదాని బరువు తగ్గించాలి, అయితే ఎక్కడ బలం కావాలో తెలిసి తగ్గించాలి. ఈ పుస్తకంలో చెప్పింది మరో రకం బరువు. ఫోన్‌లో మనం చూసే వీడియో బరువు. మనిషి చూపు ఎక్కడ నిలుస్తుందో తెలుసుకుని, అక్కడ నాణ్యత చెడకుండా, మిగతా చోట్ల ఆదా చేసే విద్య గురించి తెలుగులో ఇంత విపులంగా రాసిన పుస్తకం నేను చదవడం ఇదే మొదలు.

కిందటి దసరా వెళ్లిన వారానికి ఆమె మా ఇంటికి వచ్చింది. చెరువు కట్ట దగ్గర తను తీసిన బతుకమ్మ వీడియో ఫోన్‌లో పెట్టి, "ఇవి రెండు వీడియోలు సార్. ఏది మంచిగుందో చూసి చెప్పుండ్రి" అంది. అద్దాలు తుడుచుకుని రెండూ చూశాను. ఆడవాళ్లు వలయంగా తిరుగుతున్నారు. నడుమ తంగేడు, గునుగు, బంతిపూల అంతస్తులు. చప్పట్లు పడినప్పుడల్లా గాజులు తళుక్కుమంటున్నాయి.

"రెండూ ఒక్కటే గదా బిడ్డా" అన్నాను.

"రెండోది బరువులో సగం కూడా లేదు సార్" అంటూ ఆ రెండో వీడియోను ఒకచోట ఆపి, వేళ్లతో తెరను పెద్దది చేసి చూపించింది. బతుకమ్మ మీది ఒక్కో పువ్వూ విడివిడిగా కనిపిస్తోంది. ఆడుతున్నవాళ్ల ముఖాలూ చేతులూ తేటగా ఉన్నాయి. అంచులకు పోయేకొద్దీ బొమ్మ అలుక్కుపోయింది. వెనక వేపచెట్టు ఆకుపచ్చ మరకగా మారింది. కుడి మూలన మెట్ల మీద కూర్చున్న ఒక ముసలామె ముఖంలో కళ్లూ ముక్కూ చెరిగిపోయాయి. రెండుసార్లు చూసినా నేను ఆ మూలకు చూపే తిప్పలేదు. అందుకే తేడా నాకు తెలియలేదు. ఆ ముసలామె సంగతి చివర్లో చెబుతాను.

ఆ సాయంత్రం నాకు మా ఊరి నీరటి గుర్తొచ్చాడు. చెరువు కింద సేద్యం ఎరిగినవాళ్లకు నీరటి ఎవరో చెప్పనక్కర్లేదు. ఎరగని పిల్లల కోసం చెబుతున్నాను. చెరువు నిండుగా ఉన్న ఏడు నీరటికి పెద్ద పని ఉండదు. తూము తెరిస్తే ఆయకట్టు చివరి మడి దాకా నీరు దానంతటదే పారుతుంది. చెరువు సగమే నిండిన ఏడు అతని తెలివి బయటపడుతుంది. భుజాన పార వేసుకుని, రాత్రయితే కందిలి పట్టుకుని, గట్ల వెంట నడుస్తూ ఒక్కొక్క మడినీ చూస్తాడు. పొట్టమీదున్న వరికి ముందు తడి ఇస్తాడు. కోతకొచ్చినదానికి నీరు ఆపుతాడు. చివరి మడులను కూడా పూర్తిగా ఎండనివ్వడు. అందరికీ సమానంగా పంచితే అందరి పంటా పోతుందని అతనికి తెలుసు.

వీడియోను కుదించే సాఫ్ట్‌వేర్ కూడా ఇలాంటి నీరటే. దాని దగ్గరుండే నీళ్లు బిట్లు. అది చూసుకోవాల్సిన మడులు తెరమీది చిన్న చిన్న గడులు. దాని చెరువు ఏనాడూ నిండదు.

ఎందుకు నిండదో లెక్క వేసి చూద్దాం. ఫుల్ హెచ్‌డీ తెరమీద అడ్డంగా 1,920, నిలువుగా 1,080 చుక్కలుంటాయి. అంటే ఒక్క బొమ్మలో 20,73,600 పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్ రంగుకు 24 బిట్ల చొప్పున, సెకనుకు 30 బొమ్మలు చూపాలంటే దాదాపు 149 కోట్ల బిట్లు కావాలి. మన ఫోన్‌కు అదే వీడియో యాభై లక్షల బిట్లలో వచ్చేస్తుంది. మూడు వందల పాళ్లలో ఒక్క పాలు మాత్రమే మన దాకా చేరుతోంది, అయినా సినిమా చూసిన తృప్తి తగ్గడం లేదు. ఈ అద్భుతానికి వెనక యాభై ఏళ్ల శ్రమ ఉంది. ఆ శ్రమలో తెలుగువాడి చెయ్యీ ఉంది.

ఆ తెలుగువాడు కామిసెట్టి రామమోహనరావు గారు. ప్రపంచానికి కె.ఆర్. రావుగా తెలుసు. గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి అమెరికా వెళ్లి, 1966 నుంచి ఆర్లింగ్టన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. బెంగళూరు నుంచి వెళ్లిన నాసిర్ అహ్మద్, ఆయన శిష్యుడు టి. నటరాజన్, రావు గారు ముగ్గురూ కలిసి 1974 జనవరిలో ఒక చిన్న వ్యాసం ప్రచురించారు. డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ అనే గణిత పద్ధతిని లోకానికి పరిచయం చేసిన వ్యాసం అది. బొమ్మను చిన్న గడులుగా కోసి, ఒక్కో గడిని కొన్ని అలల కలయికగా రాస్తారు. పెద్ద అలలు కొద్దిపాటే ఉన్నా బొమ్మ రూపమంతా వాటిలోనే ఉంటుంది. సన్నటి అలలను ముతకగా రాసినా, కొన్నిటిని వదిలేసినా కన్ను పెద్దగా పట్టించుకోదు. తర్వాత వచ్చిన జేపెగ్ ఫోటోలు, ఎంపెగ్ వీడియోలు, 2003లో వచ్చి ఇప్పటికీ ఫోన్లలో నడుస్తున్న హెచ్.264 పద్ధతి, అన్నిటికీ ఈ ఆలోచనే పునాది.

ఈ పని చేయడానికి 1972లో అహ్మద్ గారు అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను డబ్బు అడిగితే ఇవ్వలేదు. ఆలోచన మరీ తేలికగా ఉందని ఒక పరిశీలకుడు అన్నారట. ఈ సంగతి అహ్మద్ గారే తర్వాత రాసుకున్నారు. మా పిల్లలందరికీ ఇది చెప్పాలని నా కోరిక. తేలికగా కనిపించిన ఆలోచన తేలికదని వదిలేయకండి. రావు గారు 2021 జనవరిలో కన్నుమూశారు. ఈ పుస్తకంలో రెండో అధ్యాయం ఆయన పనితో మొదలవుతుంది. మనవాళ్లు ఎక్కడో చేసిన పనిని మన భాషలో మన పిల్లలకు చెప్పడం ఒక రుణం తీర్చుకోవడం లాంటిది.

గడులను ముతకగా రాయడమొక్కటే కాదు, ఇంకా ఉపాయాలున్నాయి. ఒక బొమ్మకూ తర్వాతి బొమ్మకూ మధ్య మారిందేమిటో అదొక్కటే పంపడం అందులో ఒకటి. రంగుల విషయంలో పిసినారితనం మరొకటి. మన కన్ను వెలుగునీడల తేడాను పట్టినంత సన్నగా రంగుల తేడాను పట్టలేదు. అందుకని పక్కపక్కనున్న నాలుగు పిక్సెళ్లకు వెలుగు విడివిడిగా రాసి, రంగు మాత్రం ఒక్కసారే రాస్తారు. దాంతోనే వీడియో బరువు సగానికి దిగుతుంది. అంటే మనిషి కన్ను గుణాన్ని తెలుసుకుని ఆదా చేయడం మొదటినుంచీ ఉన్నదే. ఈ పుస్తకం అక్కడినుంచి మరో అడుగు ముందుకు వేసింది. కన్ను ఎంత సన్నగా చూడగలదన్నది పాత ప్రశ్న అయితే, అసలు ఎటు చూస్తుందన్నది ఈమె ప్రశ్న.

ఇక్కడ పాఠకులు ఒక చిన్న పరీక్ష చేసుకోవాలి. ఈ పేజీలో ఏదో ఒక మాట మీద చూపు నిలిపి, కనుగుడ్డు కదపకుండా, దానికి నాలుగు మాటల అవతల ఏముందో చదవడానికి ప్రయత్నించండి. అక్షరాలున్నాయని తెలుస్తుంది గానీ ఏ అక్షరాలో తెలియదు. రెటీనా నడుమ ఫోవియా అనే చిన్న గుంట ఉంది. సన్నటి వివరాలు తెలిసేది అక్కడే. చెయ్యి చాచి చూస్తే బొటనవేలి గోరు ఎంత మేర కనిపిస్తుందో, సుమారుగా అంత మేరే మనకు పూర్తి తేటగా కనిపిస్తుంది. కోణంలో చెప్పాలంటే రెండు డిగ్రీలు. ఫోన్‌ను మూరెడు కన్నా కొంచెం తక్కువ దూరంలో పట్టుకుంటే, తెరమీద ఆ వలయం పెద్ద బొట్టుబిళ్లంత. మిగతా తెరంతా మసకే. అయినా మనకు మసకగా ఉన్నట్టు అనిపించదు. కన్ను సెకనుకు మూడు నాలుగు సార్లు ఒక చోటినుంచి మరో చోటికి దూకుతూ ఉంటుంది. ఆ ముక్కలన్నిటినీ మనసు కలిపి కుడుతుంది.

ఆ మాటకొస్తే లోకంలో మొదటి కుదింపు యంత్రం మన కన్నే. ఒక్కో కంట్లో వెలుగును పట్టే కణాలు పన్నెండు కోట్ల పైచిలుకు. మెదడుకు తీసుకుపోయే నరంలో పోగులు పది లక్షల చిల్లర. వచ్చిందంతా లోపలికి పంపడం కంటికే సాధ్యం కాలేదు. ఏది ముఖ్యమో ఎంచుకుని పంపుతుంది. వరండాలో ఆ పిల్ల అడిగిన ప్రశ్నకు సరైన జవాబు ఇదే. చూసిందంతా యాదికుండకపోవడానికి కారణం, చూసిందంతా మనం నిజంగా చూడలేదు.

ఇలా ఏరుకునే శక్తికి మన భాషలో అవధానం అని చక్కని మాట ఉంది. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు ఎనిమిది వైపులనుంచి లాగుతుంటే, నిషిద్ధాక్షరికి మనసు ఎక్కువ ఇచ్చి, గంటల లెక్కకు ఓ సన్నటి పోగు మాత్రం ఉంచి, అప్రస్తుత ప్రసంగానికి చిరునవ్వుతో ఒక మాట అనేసి అవధాని ముందుకు సాగుతాడు. ఉన్న మనసు కొంచెమే, అది ఎక్కడ ఖర్చు పెట్టాలో తెలియడమే విద్య. శాస్త్రజ్ఞులు అటెన్షన్ అన్నదానికి ఈమె పుస్తకమంతటా అవధానం అనే మాటనే వాడింది. చదువుతుంటే నాకు ఎంతో ఇంపుగా ఉంది.

చూపు ఎటు పోతుందో ముందే చెప్పగలమా? దీనికి చాలా చరిత్ర ఉంది. సోవియట్ శాస్త్రజ్ఞుడు యార్బుస్ చేసిన ప్రయోగాన్ని ఈ పుస్తకంలో మూడు పేజీల్లో చక్కగా వివరించింది. రేపిన్ గీసిన ఒక చిత్రాన్ని మనుషులకు చూపించి వాళ్ల కంటి కదలికలను నమోదు చేశాడాయన. ఊరికే చూడమన్నప్పుడు చూపు ఒక దారిన పోయింది. ఆ ఇంటివాళ్లు ఎంత కలిగినవాళ్లో చెప్పమన్నప్పుడు మరో దారి, వాళ్ల వయసులు చెప్పమన్నప్పుడు ఇంకో దారి పట్టింది. బొమ్మ ఒక్కటే అయినా మనసులో ప్రశ్న మారగానే చూపు దారి మారింది. 1967లో ఇంగ్లీషులోకి వచ్చిన ఆయన పుస్తకం ఈ రంగంలో ఇప్పటికీ పెద్దబాలశిక్ష.

తర్వాత 1985లో కాఖ్, ఉల్మన్ అనే ఇద్దరు, చుట్టూ ఉన్నవాటికి భిన్నంగా కొట్టొచ్చినట్టు కనిపించే చోట్లకు చూపు లాగబడుతుందని, ఆ చోట్లను ఒక పటంగా గీయవచ్చని ప్రతిపాదించారు. 1998లో లారెంట్ ఇటీ, కాఖ్, నీబర్ దాన్ని కంప్యూటరు చేయగల లెక్కగా మార్చారు. రంగు, వెలుగు, గీతల వాలు చూసి ఏది చుట్టుపక్కల నుంచి వేరుపడుతోందో ఆ లెక్క చెబుతుంది. పచ్చని చేలో ఎర్రచీర కట్టుకున్న మనిషి మీదికి మన కన్ను పోయినట్టే. 2004లో ఇటీ దీన్ని వీడియో కుదింపుకు వాడి చూశాడు. యాభై వీడియోలు, 45,000కు పైగా ఫ్రేములు. లెక్క ఎంచిన చోట్లను తేటగా ఉంచి, దూరం పోయేకొద్దీ బొమ్మను మసకబార్చి కుదిస్తే, ఫైళ్లు సగటున దాదాపు సగానికి తగ్గాయి. మనుషుల చూపుతో పోల్చి చూస్తే, లెక్క ఎంచిన చోట్లకూ వాళ్లు చూసిన చోట్లకూ పొంతన గుడ్డిగా ఎంచినప్పటికన్నా స్పష్టంగా ఎక్కువగా ఉంది.

ఈ పని ఎక్కడో సముద్రాల అవతలే జరుగుతోందనుకోకండి. మన హైదరాబాద్‌లోనే గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో వినీత్ గాంధీ గారి బృందం 2020లో, రంగస్థలాన్ని దూరంనుంచి ఒకే కెమెరాతో తీసిన వీడియోను ప్రేక్షకుల చూపు ఆధారంగా సినిమాలా కత్తిరించే పద్ధతిని చూపించింది. 2021లో వీడియోలో చూపు ఎక్కడ నిలుస్తుందో ఊహించే వినెట్ అనే నమూనాను తయారుచేసింది. కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో సుమోహన చన్నప్పయ్య గారి ప్రయోగశాల, బొమ్మ నాణ్యతను మనిషి కన్ను ఎలా తూకం వేస్తుందో అలాగే యంత్రంతో తూకం వేయించే పని చేస్తోంది. ఆదిభట్ల నుంచి ఔటర్ రింగు రోడ్డెక్కితే రెండూ దూరమేమీ కావు. చదువుకుంటున్న పిల్లలు ఇది గమనించాలి.

ఈ పుస్తకానికి గుండెకాయ లాంటిది అయిదో అధ్యాయం. చూపు పటం చేతికొచ్చాక నీరటి ఏం చేయాలన్నది అందులో ఉంది. హెచ్.264లో బొమ్మను పదహారు పిక్సెళ్ల నిడివి, పదహారు వెడల్పు గల గడులుగా కోస్తారు. ఒక్కో గడికి తూము ఎంత మూయాలో చెప్పడానికి 0 నుంచి 51 దాకా మెట్లున్నాయి. ఆరు మెట్లు పైకి పోతే ముతకదనం రెట్టింపవుతుంది. మామూలుగా బొమ్మంతటికీ ఇంచుమించు ఒకే మెట్టు వాడతారు. ఈమె చెప్పే పద్ధతిలో చూపు నిలిచే గడికి మెట్టు దించి నీళ్లు ఎక్కువ వదులుతారు, అంచుల గడులకు మెట్టు పెంచుతారు. పక్కపక్క గడుల మధ్య మెట్టు ఒక్కసారిగా మారితే అతుకు కనిపిస్తుంది, ఆ అతుకే మళ్లీ చూపును తనవైపు లాగుతుంది. అందుకని మెట్లు మెల్లగా మారాలంటుంది. గట్టు తెగితే నీళ్లన్నీ అటే పోతాయి గదా, అలాగే.

ఈ పద్ధతిలో నాకు నచ్చిన గుణం ఇంకొకటి ఉంది. మార్పంతా కుదించేవైపే జరుగుతుంది. విప్పి చూపే ఫోన్‌కు కొత్తగా ఏమీ నేర్పనక్కర్లేదు. అయిదారేళ్ల కిందట కొన్న చౌక ఫోన్ కూడా ఆ వీడియోను ఎప్పటిలాగే చూపిస్తుంది. కొత్త ఫోన్ కొనలేనివాళ్లకు కూడా అందే ఆదా ఇది. సినిమా, పాఠం, వార్త లాంటివాటిని సర్వర్‌లో ఒక్కసారి శ్రమపడి కుదిస్తే లక్షలమంది చూసుకోవచ్చు. వీడియో కాల్ దగ్గర చిక్కు వస్తుంది. అక్కడ కుదించేది మన చేతిలో ఉన్న ఫోనే. పెద్ద లెక్కలు చేయిస్తే బ్యాటరీ కరిగిపోతుంది, ఫోన్ వేడెక్కుతుంది. అలాంటప్పుడు పెద్ద నమూనాలు పక్కన పెట్టి, ముఖం ఎక్కడుందో కనిపెట్టి దానికి బిట్లు ఎక్కువ ఇవ్వడం చాలంటుంది. పది బొమ్మలకొకసారి వెతికితే చాలు, మధ్యలో కదలికను బట్టి జరుపుకోవచ్చంటుంది. ఉన్న వనరుతో పని చేయించే ఈ సంసారపక్షపు ఆలోచన ఉన్నవాళ్లే మంచి ఇంజనీర్లవుతారు.

ఈ విద్య మనుషులకు ఎంత అక్కరకొస్తుందో చెప్పడానికి ఆమె ఎంచుకున్న ఉదాహరణ నన్ను కదిలించింది. అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం నుంచి ఈవ్ రిస్కిన్, రిచర్డ్ లాడ్నర్, కార్నెల్ నుంచి షీలా హెమామి కలిసి మొబైల్ ఏఎస్ఎల్ అనే పని చేపట్టారు. మాట వినపడనివాళ్లు సెల్‌ఫోన్‌లో సైగల భాషలో మాట్లాడుకోవాలి. అప్పటి నెట్‌వర్క్ వెంట్రుకంత సన్నం. ఎక్కడ ఆదా చేయాలి? సైగలు గదా, చేతులకే ఎక్కువ బిట్లు ఇవ్వాలని మనం అనుకుంటాం. స్కాట్లండులో లారా మ్యూర్, ఇయన్ రిచర్డ్‌సన్ కంటి కదలికలు కొలిచి 2005లో ప్రచురించిన పరిశోధనలో, సైగల భాష చూసేవాళ్ల చూపు ఎక్కువసేపు ఎదుటివారి ముఖం మీదే నిలుస్తుందని తేలింది. చేతులను వాళ్లు చూపు అంచుతోనే పట్టుకుంటారు. ముఖంలోని సన్నటి కదలికల్లో ఆ భాష వ్యాకరణంలో కొంత భాగం ఉంటుంది. ఇది తెలిశాక ముఖానికి ఎక్కువ బిట్లిచ్చి, సన్నటి దారిలోంచే ఆ సంభాషణ సాగేలా చేశారు. మనిషిని తెలుసుకున్నాక చేసిన ఆదా అంటే ఇలా ఉంటుంది.

మనకు కూడా ఆ అవసరం వచ్చింది. 2020 మార్చిలో దేశమంతా ఇళ్లలో ఉండిపోయినప్పుడు, నెట్‌వర్క్‌ల మీద భారం తగ్గించడానికి పెద్ద వీడియో సంస్థలు సెల్ నెట్‌వర్క్‌ల మీద పంపే వీడియో నాణ్యతను 480 గీతలకు కుదించాయి. అది అందరికీ సమానంగా తూము మూయడం. ఆ రోజుల్లో మా పక్కింటి పిల్లవాడు, పదిమంది ఫోన్లు మారి వచ్చిన ఒక లెక్కల వీడియో చూస్తూ కూర్చున్నాడు. జవాబు ఎంతకీ రావడం లేదని నా దగ్గరికి తెచ్చాడు. తెర మీద పాఠం చెప్పే ఆయన చొక్కా గళ్లు చక్కగా కనిపిస్తున్నాయి. నల్లబల్ల మీద x ముందున్న రుణ చిహ్నం మాత్రం నల్లరంగులో కలిసిపోయింది. ఒక చిన్న గీత పోయినందుకు ఆ పిల్లవాడు గంటసేపు తనకు లెక్కలు రావని బాధపడ్డాడు. నీళ్లు చొక్కాకు పారాయి, పొట్టమీదున్న పైరు ఎండింది. ఈ పుస్తకం ఎవరి కోసమని నన్నడిగితే ఆ పిల్లవాడి కోసమని చెబుతాను.

ఇక పెద్దవాడిగా రెండు మూడు సూచనలు. వాటిలో మొదటిది మన లిపి గురించి. తెలుగు అక్షరాల్లో ప్రాణం చాలాసార్లు చిన్న గీతలో ఉంటుంది. దకూ ధకూ, పకూ ఫకూ తేడా అడుగున పెట్టే చిన్న గీతే. ఒత్తులు కూడా అడుగునే ఉంటాయి. ముతక చేస్తే ముందు పోయేవి అవే. చూపును ఊహించే నమూనాలు ఎక్కువగా పరాయి వీడియోలతో శిక్షణ పొందినవి. మన వార్తల్లో కింద పారే అక్షరాలను, మన పాఠాల్లోని నల్లబల్లను, మన కళ్లు ఎలా చూస్తాయో మన పిల్లల చేత, మన రైతుల చేత చూపించి కొలవాలి. ఈమె ఇప్పటికే చిన్నగా మొదలుపెట్టింది. మలి ముద్రణకు అది పూర్తి అధ్యాయం కావాలి.

రెండోది కంటిచూపు తగ్గినవాళ్ల గురించి. వయసుతో వచ్చే మాక్యులా జబ్బులో చూపు నడుమ భాగం చెడి, అంచులు మిగులుతాయి. వాళ్లు పక్కచూపుతోనే లోకాన్ని చూస్తారు. 1987లో గుల్లపల్లి నాగేశ్వరరావు గారు మన హైదరాబాద్‌లో నెలకొల్పిన ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో, మిగిలిన కాస్త చూపును ఎలా వాడుకోవాలో ఇలాంటివాళ్లకు నేర్పుతారు. మనం మసక చేసిన అంచే వాళ్లకు ఆధారం కావచ్చు. అందుకని ఎవరికి కావలసిన నాణ్యతను వాళ్లు ఎంచుకునే వీలు ఫోన్‌లో ఉండాలి. మంచి నీరటి చివరి మడిని మరిచిపోడు. మా నాయన రెండు మడులూ ఆయకట్టు చివరే ఉండేవి కాబట్టి ఈ మాట మరీ గట్టిగా చెబుతున్నాను.

మూడోది ఒక జాగ్రత్త. ముందు కెమెరాతో చూసేవాడి కంటి కదలికలను కొలిచి కుదించే ఫోన్లు కూడా రావచ్చు. చూపు మనసుకు అద్దం. ఎవరి ముఖం మీద చూపు ఎంతసేపు ఆగిందో లెక్కగట్టడం ఒకరి ఉత్తరాలు విప్పి చదవడంతో సమానం. ఆ లెక్క ఫోన్ దాటి బయటికి పోకూడదు. ఈ మాట పుస్తకంలో ఒక వాక్యంగా ఉంది. దాన్ని పెద్దక్షరాల్లో రాయమని కోరుతున్నాను.

ఆమె భాష గురించి చెప్పకపోతే ఈ పీఠిక పూర్తి కాదు. పిక్సెల్‌ను పిక్సెల్‌గానే ఉంచింది, అందరికీ తెలిసిన మాటకు సంస్కృతం తొడగలేదు. కుదింపు, గడి, ముతక, అతుకు లాంటి ఇంటి మాటలు ఉన్నచోట వాటినే వాడింది. ప్రతి అధ్యాయం చివరా ఫోన్ ఒక్కటి ఉంటే చేసుకోగల ప్రయోగం ఇచ్చింది. డిగ్రీ చదివే పిల్లలకూ, ఫోన్ రిపేరు చేసే కుర్రవాళ్లకూ, యూట్యూబులో పాఠాలు చెప్పే టీచర్లకూ ఇది పనికొస్తుంది. తెలుగులో సాంకేతిక విషయం రాయలేమనేవాళ్లు నాలుగో అధ్యాయం చదివి చూడండి.

ఇప్పుడు ఆ ముసలామె సంగతి. వీడియో ఆపి తేడా చూపించాక ఆ పిల్ల కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అంది. "అందరు బతుకమ్మనే చూస్తరు సార్. నమూనా తప్పు చెప్పలె. కానీ నా కన్ను మాత్రం ఎప్పుడు పెట్టినా ఆ మూలకే పోతది. ఆ మెట్ల మీద కూసున్నది మా నాయనమ్మ. అదే ఆమె ఆఖరి బతుకమ్మ."

నేనేమీ అనలేకపోయాను. యార్బుస్ చెప్పింది అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది. చూపు వెలుగును బట్టీ రంగును బట్టీ పోతుంది. ప్రశ్నను బట్టి పోతుంది. అన్నిటికన్నా మించి మమకారాన్ని బట్టి పోతుంది. పదివేలమంది చూపును సగటు తీసినా ఒక మనుమరాలి చూపు అందులో దొరకదు.

అందుకే ఈ పుస్తకం చివరి అధ్యాయంలో ఆమె ఒక నియమం రాసింది. కుదించిన నకలు పదిమందికీ పంపుకోవడానికి, మూలప్రతి మాత్రం ఎన్నడూ చెరపరాదు, ఎందుకంటే ఒకసారి పారేసిన బిట్లను ఏ యంత్రమూ తిరిగి తేలేదు. చదివేవాళ్లకు అది సాంకేతిక సూచన. నాకు మాత్రం ఆ వాక్యం వెనక చెరువు మెట్ల మీద కూర్చున్న మనిషి కనిపిస్తుంది. నా శిష్యురాలు ఆ మొదటి వీడియోను ఇంట్లో రెండు చోట్ల భద్రంగా దాచుకుంది. నాయనమ్మ ముఖం అందులో చెక్కుచెదరకుండా ఉంది. నాకూ చూపించింది. నవ్వుతూ చప్పట్లు కొడుతోంది.

విద్యతో పాటు ఇంత మెత్తని మనసు కూడా ఉన్న శిష్యురాలు దొరకడం నా అదృష్టం. ఈమె పుస్తకం ఊరూరా చదువుకునే పిల్లల చేతికి చేరాలని, ఈమె చేతినుంచి ఇంకా మంచి పుస్తకాలు రావాలని నిండు మనసుతో ఆశీర్వదిస్తున్నాను.

ఆదిభట్ల,
శ్రీ విశ్వావసు నామ సంవత్సర ఉగాది

ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు